మూడు వందల ఒకటో మనిషి

తణుకు దగ్గర ఒక ఊళ్ళో గవర్రాజు, తాతారావు, బుల్లబ్బాయి అని ముగ్గురు అన్నదమ్ములు ఉండేవారు. పెళ్ళిళ్ళకి వంటలు చేసే ఇల్లు వాళ్ళది. చేతివంట అమృతం. బుర్ర సంగతి మాత్రం అడక్కండి. వాళ్ళనే అడిగితే, దేవుడు తెలివి పంచడానికి బయల్దేరినప్పుడు సరిగ్గా తమ ఇంటి ముందే బండి బోల్తా పడిందని చెప్పేవారు.

ఎంతమందికి ఎంత బియ్యం పొయ్యాలో చెప్పే ప్రోగ్రామ్ ఒకటి రాసుకుంటే ఇక తమకి తిరుగుండదని వాళ్ళకి తోచింది. అంతే, ముగ్గురూ వెళ్ళి భ్రమరాంబ మేడమ్ దగ్గర కంప్యూటర్ కోర్సులో చేరిపోయారు. ఆవిడ పాపం ఓపిగ్గా చెప్పింది.

"ముందు పరీక్ష రాసుకోండి. అది తప్పడం కళ్ళారా చూడండి, తెర మీద ఎర్రగా వస్తుంది. ఆ తరవాత పరీక్ష నెగ్గడానికి ఎంత కావాలో అంతే రాయండి, పచ్చగా వస్తుంది. ఎర్రగా ఉండగా దేన్నీ బయటికి వదలకండి. ఇలా ఒక్కొక్క ఉదాహరణా చేర్చుకుంటూ పోతే, చివరికి ఎంతమందికైనా పనికొచ్చే సూత్రం దొరుకుతుంది. అదెలాగో రేపు చెప్తాను."

"రేపెందుకండీ, మాకు తెలిసిపోయిందిగా!" అని ముగ్గురూ ఆ పూటే బస్సెక్కి ఇంటికొచ్చేశారు.

అప్పటికే చెల్లెలు మంగతాయారుకి సంబంధం కుదిరింది. అబ్బాయి పేరు శేషగిరి, నిడదవోలులో మందుల షాపు. తాయారుకి అతనంటే ప్రాణం. నిశ్చితార్థానికి మగపెళ్ళివారు పదిమంది వస్తున్నారని తెలిసి తాతారావు మొదటి పరీక్ష రాశాడు: పదిమందికి కిలోన్నర బియ్యం.

"ముందు తప్పాలి కదన్నయ్యా!" అని గుర్తుచేశాడు బుల్లబ్బాయి.

ఇంకేముంది, వచ్చిన పదిమందినీ కూర్చోబెట్టి ఖాళీ విస్తళ్ళు వేశారు. పొయ్యి వెలిగించలేదు. ముగ్గురూ ఎదురుగా నిలబడి వాళ్ళ మొహాలే చూస్తున్నారు. అరగంటైంది. గంటైంది.

"ఏవయ్యా, అన్నం పెడతారా, పొమ్మంటారా?" అని కేకేశారు శేషగిరి తండ్రి కామేశం గారు. ఆయన మొహం కందగడ్డ అయింది.

"ఎర్రగా వచ్చిందిరా!" అని గవర్రాజు చప్పట్లు కొట్టాడు.

అప్పుడు తాతారావు గబగబా ప్రోగ్రామ్ రాశాడు. అందులో ఉన్నది ఒకటే ముక్క, "కిలోన్నర". ఎంతమందని అడిగినా అదే చెబుతుంది. తెర పచ్చబడింది. కిలోన్నరా వండి వడ్డించారు. ఒట్టి అన్నమే.

"పప్పేదయ్యా?" అన్నారు కామేశం గారు.

"పరీక్షలో పప్పు లేదండి."

పప్పుకో పరీక్ష రాశారు, పప్పొచ్చింది. అందులో ఉప్పు లేదు. పప్పులో ఉప్పుందా లేదా అని ఇంకో పరీక్ష రాశారు. బుల్లబ్బాయి ఉప్పు డబ్బా మొత్తం బోర్లించాడు. ఉంది! పచ్చగానే వచ్చింది.

కామేశం గారు ఒక్క ముద్ద తిని చెంబెడు నీళ్ళు తాగి లేచారు. "పెళ్ళిలో కూడా భోజనాల దగ్గర ఇలాంటి వేషాలేస్తే, పీటల మీంచి మావాణ్ణి లేపుకుపోతాను" అని చెప్పి మరీ వెళ్ళారు.

తాయారు గొల్లుమంది. "అన్నయ్యా, ఆయన్ని తప్ప ఇంకెవర్నీ చేసుకోను. ఆ ఒక్క పూటా సరిగ్గా పెట్టండన్నయ్యా!"

"ఏడవకమ్మా. పెళ్ళికి సరిగ్గా మూడు వందలమంది. దానికీ పరీక్ష రాసేస్తాం" అన్నాడు తాతారావు. రాశాడు. ఇప్పుడు ప్రోగ్రామ్ ఇలా ఉంది: మూడు వందలమందైతే నలభై ఐదు కిలోలు, కాకపోతే కిలోన్నర. అన్నీ పచ్చగా వచ్చాయి. గవర్రాజు కంప్యూటర్‌కి బొట్టు పెట్టి దేవుడి గూట్లో దాచాడు.

పెళ్ళి రోజున నలభై ఐదు కిలోల అన్నం పొగలు కక్కుతోంది. గుత్తొంకాయ ఘుమఘుమలాడుతోంది. బుల్లబ్బాయి మండపం గేటు దగ్గర మనుషుల్ని లెక్కపెడుతున్నాడు. పెళ్ళికూతురితో కలిపి మూడు వందలు నిండాయి. ఆ వెనకాల ఇంకో కారాగింది. పెళ్ళికొడుకు దిగి లోపలికి వచ్చాడు.

మూడు వందల ఒకటి!

తాతారావు ఆ అంకె కొట్టాడు. ప్రోగ్రామ్ "కిలోన్నర" అంది. వండిందానికీ చెప్పిందానికీ పొంతన లేదు. తెర ఎర్రబడింది.

"వడ్డన ఆపండి! చివర్న వచ్చినాయన ఎవరో చూడండి" అన్నాడు గవర్రాజు.

"బాసికం కట్టుకున్నాయన."

అంతే, "బాబూ, మీరు రేపు రండి" అని శేషగిరిని బయటికి పంపి గేటుకి తాళం వేశారు.

"పెళ్ళికొడుకేడయ్యా? ముహూర్తం దాటిపోతోంది!" అని అరిచాడు పురోహితుడు. అన్నదమ్ములు తల పట్టుకున్నారు. తాయారే ఉపాయం చెప్పింది.

"ఆయన లోపలికి రావాలంటే ఒకరు బయటికి వెళ్ళాలి, అంతేగా? చుట్టాల్ని పొమ్మంటే నొచ్చుకుంటారు. నేనైతే ఇంటి మనిషిని. నేను వెళ్తాను."

"మన రక్తం అనిపించావు తల్లీ!" అని గవర్రాజు కళ్ళు తుడుచుకున్నాడు.

శేషగిరి వచ్చి పీటల మీద కూర్చున్నాడు. పక్కన పీట ఖాళీ. తెర మాత్రం పచ్చగా ఉంది.

"లేవరా, పోదాం!" అన్నారు కామేశం గారు. శేషగిరి లేచాడు. గేటు ఊచల అవతల తాయారు బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంది. అతనికి జాలేసింది, ప్రేమా ముంచుకొచ్చింది. తాళి పట్టుకుని గేటు దూకి రోడ్డు మీదే మూడు ముళ్ళూ వేశాడు. పురోహితుడు ఇవతల్నుంచే మంత్రాలు చదివాడు. అందరూ గోడ మీంచి అక్షింతలు విసిరారు. కామేశం గారు కూడా మెత్తబడి, "సరే, అయిందేదో అయింది, భోజనాలకి పదండి" అన్నారు.

తాతారావు లోపల మళ్ళీ లెక్కపెట్టాడు. రెండు వందల తొంభై తొమ్మిది. ప్రోగ్రామ్ "కిలోన్నర" అంది.

"ఇద్దర్నీ పిలిస్తే ఒకరు ఎక్కువ. ఒక్కర్నే పిలిస్తే కొత్త దంపతుల్ని విడదీసిన పాపం" అన్నాడు గవర్రాజు. ఇంకేముంది, కిలోన్నర బియ్యపు అన్నం లోపల ఉంచి, మిగతాదంతా గంపలతో బయటికి మోసి దంపతుల ముందు గుట్టపోసి, గేటుకి మళ్ళీ తాళం వేశారు.

"ఇద్దరికి ఇంతా అన్నయ్యా?" అంది తాయారు.

"ఇద్దరి పరీక్ష ఇంకా రాయలేదమ్మా. తింటూ ఉండండి, ఎక్కడ ఆగితే అది రాసుకుంటాం."

లోపల కామేశం గారు ఆకలితో గేటు పట్టుకుని ఊపేస్తున్నారు. "తాళం తియ్యండ్రా!"

బుల్లబ్బాయి ఆయన మొహంలోకి పరీక్షగా చూసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"మీరింకా ఎర్రగానే ఉన్నారండి. ఎర్రగా ఉండగా బయటికి వదలొద్దన్నారు మా మేడమ్."