మాంత్రికుడి పేరు

అనగనగా కుముదసేనుడని ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతల అడవిలో ఓ మాంత్రికుడు మందారవల్లి అనే రాకుమారిని దాచాడని విని, పెద్దవాళ్ళిద్దరూ ఆమెను విడిపించడానికి వెళ్ళారు. వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు. మూడోవాడు రత్నాంగుడికి అన్నలంటే ప్రాణం. ఊరుకుంటాడా మరి? గుర్రమెక్కాడు, పడవెక్కాడు, ఏడు సముద్రాలూ దాటేశాడు.

అడవిలో అడుగుపెట్టాడు. ఎదురుగా అన్నలిద్దరూ నిలువునా రాళ్ళయి ఉన్నారు. పక్కన కొమ్మమీద ఓ చిలుక. రత్నాంగుడు ఎగిరి దాని మెడ పట్టుకున్నాడు.

"వదులు నాయనా," అంది చిలుక విసుగ్గా. "ఆ మాంత్రికుడి ప్రాణం నాలో లేదు. వచ్చిన ప్రతివాడూ ముందు నా మెడే పట్టుకుంటాడు. మీ అన్నలూ అంతే."

"మరెక్కడుంది?"

"'నా ప్రాణం పేరులో ఉంది, చేతనైతే పట్టుకోండి' అంటాడు. మీ అన్నలు నోటికొచ్చిన పేర్లన్నీ చెప్పి రాళ్ళయ్యారు. ఇవాళ మధ్యాహ్నం రాకుమారితో వాడి పెళ్ళి. అదికాస్తా అయిందంటే వీళ్ళిక లేవరు."

రత్నాంగుడు ఒక్క పరుగున వాడి కోటలో పడ్డాడు. మాంత్రికుడు ఏటికి స్నానానికి వెళ్ళాడు. మందారవల్లి ఒక్కతే పీటమీద కూర్చుని ఉంది.

"అమ్మాయీ, వాడి పేరేమిటి?"

"నాకేం తెలుసు? పెళ్ళిలో నా మెడలో పగడాల పేరు వేస్తానన్నాడు. వేశాక దాని జోలికి ఎవరూ రారట. అదిగో, ఆ భరిణెలో ఉంది. ముట్టుకోవద్దన్నాడు."

"ఏం వేస్తానన్నాడు?"

"పగడాల పేరు."

రత్నాంగుడు ఎగిరి గంతేశాడు. "పిలిచే పేరు కాదు, మెడలో వేసే పేరు!"

గబుక్కున మూత తీశాడు. ఎర్రపూసలు, నల్లపూసలు, మధ్యమధ్య పసుపు. ఎంత ముద్దుగా ఉందో! చెయ్యి పెట్టబోయేసరికి అది మెదిలింది. అమ్మో, పేరు కాదు, పగడాల పాము! అది కరిస్తే మంచినీళ్ళు కూడా అడగరు. ఒక కొస పైకెత్తి ఆడిస్తోంది. రత్నాంగుడు కత్తి ఎత్తాడు. బయట మాంత్రికుడి అడుగులు ధబధబమంటున్నాయి.

"ఆగండి," అంది మందారవల్లి. "ఆ కొసకి నాలుక లేదు, కళ్ళు లేవు. అది తోక. తల చుట్టల కింద దాచుకుంది."

రత్నాంగుడు ఒరతో తట్టాడు. అసలు తల సర్రుమని బయటికి దూకింది. ఒక్క వేటు! మాంత్రికుడు గడపలోనే కుప్పకూలాడు.

అడవిలో రాళ్ళు కదిలాయి. పెద్దన్న సగంలో ఆగిన పేరును "...భద్రుడు" అని పూర్తిచేసి, తమ్ముణ్ణి చూసి తెల్లబోయాడు. ముగ్గురూ కావలించుకుని భోరున ఏడ్చారు.

మందారవల్లి రత్నాంగుణ్ణి ఇష్టపడి పెళ్ళాడింది. కుముదసేనుడి తరవాత అన్నలు తమ్ముడికే కిరీటం పెట్టారు. అతను నలభయ్యేళ్ళు రాజ్యమేలాడు. అన్నలు చెరోపక్కా వచ్చి కూర్చోనిదే, ఏనాడూ సింహాసనం ఎక్కలేదు.