సూదమ్మ బండ, గురవయ్య సోకులు

ఎర్రమట్టి కొండల కింద ఒక సెలయేరు, దాని పక్కన నున్నటి నల్లబండ. ఆ బండ మీద సూదమ్మ అనే ఏదుపంది రోజూ రాసేది. ఒంటి మీంచి రాలిన ముల్లే ఆమెకు కలం, సుద్దమట్టి నీళ్ళే సిరా. ఏ గట్టున పుట్టగొడుగులు లేచాయి, ఏ మడుగు ఎండుతోంది, తేనె కోసం చెట్టెక్కిన ఎలుగుబంటి దిగడం ఎలా మర్చిపోయింది, ఇలాంటివన్నీ రాసేది. పొద్దువాలే వేళ నీళ్ళకొచ్చిన జంతువులు నిలబడి చదివి, కడుపుబ్బ నవ్వుకుని, కింద ఇసుకలో గిట్టలతోనో గోళ్ళతోనో తమ అభిప్రాయం గీకి పోయేవి. పట్నం వెళ్ళొచ్చే కాకి ఒకటి అది చూసి, "దీన్ని అక్కడ బ్లాగంటారు," అంది. ఆనాటి నుంచి అడవంతా దాన్ని సూదమ్మ బ్లాగనే పిలిచింది.

ఒకరోజు గురవయ్య అనే నక్క అటు వచ్చాడు. బండ చుట్టూ తిరిగాడు, తల పంకించాడు, నిట్టూర్చాడు.

"ఏం గురవయ్యా, ఒంట్లో బాగాలేదా?" అంది సూదమ్మ.

"నాకేం అక్కా, బండను చూస్తేనే బాధగా ఉంది. నీ రాత బంగారం. బండ మాత్రం బోసిగా, పాత చీరతో పెళ్ళికి పోయినట్టుంది."

"చదివేవాళ్ళు చదువుతూనే ఉన్నారు కదయ్యా."

"ఎవరూ? ఆ తాబేలు ముసలాడూ, ఆ కుందేలూ, నాలుగు జింకలూనా? నీలాంటిదాని దగ్గరికి అడవి మొత్తం రావాలి. నాకొదిలెయ్, సోకులన్నీ నేను చేయిస్తాను."

"ఊరికే చేస్తావా?"

"నీ దగ్గర తీసుకుంటానా అక్కా? బండ మీద ఓ మూల నా ప్రకటన ఒకటి రాసుకుంటాను, అంతే."

సూదమ్మ మంచిదే, కానీ పొగిడితే ఏదుపందికి ముళ్ళు కూడా మెత్తబడతాయి. సరేనంది.

ఇక చూడండి సంబరం. బండ మీదికి పూలతీగలు పాకించారు. అంచుల్లో నెమలి ఈకలు గుచ్చారు. నాలుగు చిలకలు అటూ ఇటూ ఎగురుతూ పాత రాతల పేర్లు అరుస్తుంటాయి. ఎవరైనా చదవడానికి తలెత్తితే చాలు, పైకొమ్మ మీంచి కోతి ధబీమని ముందుకు దూకి, "ముందు మా బృందంలో చేరండి, చేరాకే చదవండి," అంటుంది. గురవయ్య ప్రకటన మూలలో మొదలై నడిమధ్యకు జరిగింది. దాని చుట్టూ మిణుగురులను కూర్చోబెట్టాడు. అవి వెలుగుతూ ఆరుతూ ఉంటే ఆ ప్రకటన తప్ప కంటికి ఇంకేదీ ఆనదు.

"గురవయ్య ఉచిత వైద్యశాల. కుందేళ్ళకు, కౌజులకు, లేత జీవాలన్నింటికీ ఒళ్ళు చూడబడును. ఒంటరిగా రావలెను."

సూదమ్మ రాత మాత్రం ముడుచుకుని ముడుచుకుని తీగల కింద ఓ మూలకు చేరింది. ఎవరికి ఇచ్చిన మూల ఎవరికి మిగిలిందో ఆమె గమనించనే లేదు. ఎలా గమనిస్తుంది, జనం విరగబడుతుంటే? చిలకలను చూడ్డానికి జింకలు, కోతితో తగవుకు పందులు, తీగలు మేయడానికి దున్నలు, ఒకటే తిరనాళ్ళు.

"చూశావా తాతా, ఎంతమందో," అంది సూదమ్మ తాబేలుతో మురిసిపోతూ.

"చూశానమ్మా. ఒక్కడు చదవడం మాత్రం చూళ్ళేదు. నేను మెల్లగా చదివేవాణ్ణి. రెండో వాక్యానికొచ్చేసరికి కోతి దూకుతుంది. మళ్ళీ మొదటికి పోతాను. మళ్ళీ దూకుతుంది."

"నీకు పాతదే అలవాటు తాతా."

"అంతేలే. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అని ఎగతాళి చేసే కాలం నాది," అని తాబేలు నీళ్ళలోకి జారిపోయాడు.

ఆ మర్నాడు కౌజు పిట్ట ఒకటి ఏడుస్తూ వచ్చింది. తోక ఉండాల్సిన చోట తోక లేదు.

"జలుబు చేసిందని గురవయ్య దగ్గరికి పోయానక్కా. వైద్యం తోక దగ్గర మొదలుపెట్టాడు. నేను ఎగరబట్టి అక్కడితో ఆగింది."

సూదమ్మకు ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. వెంటనే ముల్లు తీసుకుని, 'గురవయ్య గుహకు ఎవరూ పోవద్దు, కౌజు తోక పోయింది,' అని బండ మీద రాసేసింది. హమ్మయ్య, ఇక అందరికీ తెలిసిపోతుంది అనుకుని నిశ్చింతగా దుంపలు తవ్వుకోవడానికి పోయింది.

తిరిగొస్తుంటే కుందేలు చిట్టెమ్మ ఎదురైంది. దగ్గుతున్న పిల్లను ఆకులో చుట్టి చంకనేసుకుని కొండదారి పట్టి పోతోంది.

"ఎక్కడికే చిట్టెమ్మా?"

"గురవయ్య వైద్యశాలకక్కా. పిల్లకు రాత్రంతా ఒకటే దగ్గు."

"నీకు మతి పోయిందా? పోవద్దని రాశాను కదే, చదవలేదూ?"

చిట్టెమ్మ తెల్లబోయి చూసింది. "ఎక్కడ రాశావక్కా? నీ రాత నా కంటపడి ఎన్నాళ్ళయిందో. ఆ మిణుగురుల మధ్య వైద్యశాల సంగతి ఉంటే చదివాను. నక్క మాట నేను నమ్ముతానా? నీ బండ మీద ఉందని నమ్మాను."

పిల్ల ఆకులోంచి చెవులు బయటపెట్టి మళ్ళీ దగ్గింది. ఒక్క నాలుగడుగులు ఆలస్యంగా వచ్చి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే సూదమ్మకు భయమేసింది, ఆ భయం వెనకే సిగ్గూ వచ్చింది. ఇన్నాళ్ళూ తన పేరు చూసే అందరూ నమ్మారు, తను మాత్రం ఆ పేరును నక్కకు అద్దెకిచ్చి కూర్చుంది.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడేదే తల్లీ," అని పిల్ల నుదురు నిమిరి, "పద వెనక్కి. నీ పిల్లకు తులసాకు రసం నేనిస్తాను. నాకిప్పుడు బండ దగ్గర పనుంది," అంది.

పని అలా ఇలా జరగలేదు. తీగలను దున్నలకు వదిలేసింది, అవి సంతోషంగా మేసేశాయి. ఈకలు పీకి నెమలి ముందు పెట్టింది. మిణుగురులు చెప్పించుకోకుండానే పోయాయి, పాపం వాటికీ అలసటగానే ఉందట. పేచీ పెట్టింది చిలకలూ కోతీనే.

"మేం పోతే కళ ఎక్కడుంటుంది?" అన్నాయి చిలకలు.

"జామచెట్టు మీద ఉంటుంది, అక్కడికి పోండి."

"నన్ను తీసేస్తే బృందంలో కొత్తవాళ్ళు ఎలా చేరతారు?" అంది కోతి.

"చేరినవాళ్ళలో ఎవరైనా చదివారా?"

"అది నా పని కాదు."

"అందుకే నువ్వూ దిగు నాయనా."

ఏనుగు పెద్దయ్య తొండం నిండా నీళ్ళు పీల్చి బండను కడిగేశాడు. గురవయ్య ప్రకటన సెలయేట్లో కొట్టుకుపోతుంటే కప్పలు చప్పట్లు కొట్టాయి. మళ్ళీ నల్లగా, నున్నగా, చల్లగా తేలిన బండను చూసి సూదమ్మకు పుట్టింటికొచ్చినట్టయింది.

"తాతా, నువ్వు నీళ్ళలోనే ఉండు," అంది ముల్లు ముంచుతూ. "అక్కడ్నుంచి నీకు కనబడేంత పెద్ద అక్షరం రాస్తాను. కనబడకపోతే చెప్పు, చెరిపి మళ్ళీ రాస్తాను."

"ఇంకొంచెం పెద్దది. ఆఁ. వరసకూ వరసకూ మధ్య నా వీపంత చోటు వదులమ్మా, కన్ను జారిపోకుండా."

అలాగే వదిలింది. పొద్దువాలేసరికి బండ మీద ఉన్నవి రెండే వాక్యాలు. తాబేలు తాత మెల్లగా, ఎవరూ మధ్యలో దూకకుండా, చివరిదాకా పైకి చదివాడు.

"గురవయ్య ఊరికే వైద్యం చేస్తాడట, రేపు పొద్దున్నే పోదాం. ఒంటరిగా ఎవరూ పోకండి, అందరం కలిసే పోదాం."

నీళ్ళకొచ్చిన ప్రతి జంతువూ చదివింది. ఇసుకలో గిట్టల గుర్తులు పడ్డాయి, 'వస్తాం' అని.

గురవయ్యకు ఇదేమీ తెలియదు. సూదమ్మ రాసింది చదివే అలవాటు అతనికి ఏనాడూ లేదు. పొద్దున్నే గుహలో పళ్ళు తోముకుంటుంటే అడుగుల చప్పుడు వినబడింది. లేత కుందేలు అనుకుని మూతి నాక్కుంటూ బయటికొచ్చాడు. ఎదురుగా ఏనుగు కాలు.

"వైద్యుడుగారూ, అరికాల్లో ముల్లు," అన్నాడు పెద్దయ్య.

"అయ్యా, నేను చిన్న ప్రాణులకే చూస్తానండి."

"నేనూ ఒకప్పుడు చిన్నవాణ్ణేనయ్యా. చూడు."

చూడక తప్పింది కాదు. పెద్దయ్య వెనక దున్నలు, ఒంటినిండా గోమార్లతో. వాటి వెనక వీపు దురదతో పందులు, పుచ్చుపంటితో ఎలుగుబంటి. గుహ పైన రాయి మీద కౌజు కూర్చుని, వైద్యం తన తోక దగ్గర ఎలా మొదలైందో వరసలో ఉన్నవాళ్ళకు చెబుతోంది. గురవయ్య పారిపోదామని ఎటు చూసినా రోగులే. కాసేపు ఆగితే చాలు, "ఉచితమన్నావుగా బాబూ," అని దున్న కొమ్ము విదిలిస్తుంది. చిట్టెమ్మ పిల్ల తల్లి ఒళ్ళో కూర్చుని దగ్గు మర్చిపోయి నవ్వింది.

పొద్దు వాలింది. గురవయ్య గోళ్ళు అరిగిపోయాయి, నాలుక జానెడు బయటికొచ్చింది. వరస పక్కన నిలబడ్డ సూదమ్మను చూసి కూలబడ్డాడు.

"ఒక్క మాట చెప్పక్కా. అన్ని సోకులు పెట్టి నేను పిలిస్తే ఒక్క కౌజు వచ్చింది, అదీ నిలవలేదు. అడవి మొత్తం కదిలొచ్చేలా నువ్వేం పెట్టి పిలిచావు?"

"ఏం పెట్టలేదు గురవయ్యా, నువ్వు పెట్టినవి తీసేశాను," అంది సూదమ్మ.

గురవయ్య లేవబోయాడు. పెద్దయ్య రెండో కాలు తెచ్చి ముందు పెట్టాడు.

నీతి: చెప్పేది ఉన్నవాడికి చోటుంటే చాలు, దాచేది ఉన్నవాడికే తళుకులు కావాలి.