నాంచారవ్వ పొయ్యి

మీ తాతల తాతలు ఉగ్గుపాలు తాగే రోజుల్లో, సముద్రానికి దగ్గర్లో ఒక సాలెల ఊరుండేది. ఆ ఊళ్ళో నాంచారమ్మ అనే ముసలామె ఉండేది. ఆమెకు మడి లేదు, మాన్యం లేదు. ఉన్నదల్లా ఒక పెద్ద పొయ్యి, నేతపని చేసే ఒక్కగానొక్క కొడుకు మార్కండయ్య. ఊరందరి నూలుకూ ఆమే గంజి కాసేది. గంజి పట్టని నూలు మగ్గమెక్కితే పుటుక్కున తెగుతుంది. అంచేత ముందు నాంచారమ్మ పొయ్యి వెలగాలి, ఆ తరవాతే మగ్గాలు ఆడాలి.

ఒక ఏడు ఓడలవాళ్ళు వచ్చి, "మీరెంత నేస్తే అంతా మాకే" అన్నారు. ఇంకేం, ఊరికి పూనకం వచ్చింది. మగ్గం గుంటలో దిగినవాడు పైకి రాడు. అన్నానికి రమ్మంటే "ఈ మూర అయ్యాక" అనేవాడు. చుట్టాలొచ్చారంటే "ఈ మూర అయ్యాక". పెళ్ళాం ప్రసవించింది, బిడ్డను చూడవయ్యా అంటే, అప్పుడూ "ఈ మూర అయ్యాక". వాళ్ళ మూర ఎప్పటికయ్యేను!

మార్కండయ్య అందర్నీ మించిన మొండి. కాళ్ళు వాచాయి, కళ్ళు లోతుకు పోయాయి. ఒకనాడు మగ్గం మీదే సొమ్మసిల్లి పడిపోయాడు. తల్లి ముఖాన నీళ్ళు చల్లితే కళ్ళు తెరిచి, పోగును అటూ ఇటూ విసిరే నాడె కోసం తడుముకున్నాడు.

"ఒద్దు నాయనా, ఇవాళ్టికి పడుకో."

"ఈ మూర అయ్యాకమ్మా."

నాంచారమ్మ కొడుకు ముఖంలోకి చూసింది. వీడిక నాకు దక్కడు అనుకుంది.

తెల్లారింది. పొయ్యి వెలగలేదు. కుండలు పట్టుకుని వచ్చినవాళ్ళు వాకిట్లో గుమిగూడారు.

"గంజేదవ్వా?"

"కాయలేదు."

"ఎప్పుడు కాస్తావు?"

"మీరు తిని, పడుకుని, బిడ్డల్ని ఎత్తుకున్నాక."

కులపెద్ద భావనయ్య మండిపడ్డాడు. "ఊరి కడుపు కొడతావా? రేపటినుంచి నీకీ ఊళ్ళో నిలువ నీడ ఉండదు!"

"నీడ లేకపోతే ఎండలో ఉంటాను. కొడుకే లేకపోతే ఎక్కడుండను భావనయ్యా?"

మేమే కాసుకుంటాం పొమ్మని ముగ్గురు మగాళ్ళు పొయ్యి పెట్టారు. ఒకడిది మాడింది. ఒకడిది ఉండలు కట్టింది. ఒకడిది నీళ్ళకు నీళ్ళే మిగిలింది. చేసేది లేక అందరూ ఇళ్ళకు పోయి అరుగుల మీద కూలబడ్డారు. ఆడవాళ్ళు వేడన్నం వడ్డించారు. ఒకడు తన బిడ్డను మొదటిసారి ఎత్తుకుని, "అచ్చం మా అమ్మ ముక్కే" అని భోరుమన్నాడు. మార్కండయ్య తల్లి కలిపిన ముద్దలు తిని, పొద్దు వాలేదాకా నిద్రపోయాడు. ఆమె పక్కనే కూచుని విసురుతూ, వాడి ఊపిరి వింటూ ఉండిపోయింది.

మర్నాడు గంజి కాగింది. ఆ రోజు ఒక్క మగ్గం మీదా పోగు తెగలేదు. భావనయ్య తల దించుకుని వచ్చాడు.

"మళ్ళీ మరిచిపోతామేమో అవ్వా. మా బుద్ధి మాకు తెలీదా!"

"అయితే అమావాస్య అమావాస్యకీ నా పొయ్యి వెలగదు. పనీ ఉండాలి, ప్రాణమూ ఉండాలి నాయనా."

ఎన్నో అమావాస్యలు గడిచాయి. నాంచారమ్మ మనవల్ని ఎత్తుకుని ఆడించి, చివరికి కొడుకు చేతుల్లోనే కన్నుమూసింది. నేస్తున్న బట్ట నేస్తున్నట్టే వదిలేసి, ఊరు ఊరంతా ఆమెను మోయడానికి వచ్చింది.

ఇప్పటికీ ఆ ఊళ్ళో అమావాస్యనాడు ఎవరూ నాడె ముట్టరు. ఆ పూట తండ్రులే బిడ్డలకు ముద్దలు కలిపి పెడతారు. "ఆ తల్లి చలవ వల్లే మా కొడుకులు మాకు దక్కారు" అని ముసలమ్మలు పొయ్యికి దండం పెట్టుకుంటారు. ఎవడైనా గుంటలోంచి లేవనని మొరాయించాడనుకోండి, ఇల్లాలు ఒక్కటే మాటంటుంది.

"నాంచారవ్వ పొయ్యి ఆర్పిందయ్యా, లే!"

ఎంత మొండివాడైనా లేస్తాడు.