అసిరమ్మ దీపం

ఊఁ కొట్టేవాళ్లు ముందుకి జరగండి. నిద్రొచ్చేవాళ్లు వెనక్కి పొండి. ఊఁ వినబడకపోతే నాకు నోరు పెగలదు, ముందే చెప్తున్నాను.

అనగనగా, కరెంటు తీగకి మన వైపు దారి ఇంకా తెలీని రోజుల్లో, గ్యాసుదీపాలు మోసే ఆలుమగలు ఉండేవారు. మొగుడు తవుడు. పెళ్లాం అసిరమ్మ. ఎవరి పెళ్లి ఊరేగింపైనా కుడి వరసలో తవుడు, ఎడమ వరసలో అసిరమ్మ, నడుమ పెళ్లివారి బండి. అంత వెలుగు అడ్డముంటే అవతలి మనిషి కనబడతాడా? కనబడడు. దీపాలు దించాకే ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు.

"దిగిందా?" అనేవాడు తవుడు.

"దిగింది" అనేది అసిరమ్మ.

అప్పుడు ఇద్దరూ ఇంటికి పోయేవారు. నలభై ఏళ్లు అలాగే గడిచాయి.

ఆ ఊళ్లో పాపారావుగారని పెద్ద ఆసామీ. కొడుక్కి పెళ్లి చేసి కోడల్ని తెస్తున్నాడు. ఊరంతా ఊరేగింపు, ఆ తర్వాత ఇంటి ముందు పందిట్లో విందు. దానికి దీపాలూ మేళమూ ఎంచడానికి తనే బయల్దేరాడు. ఇంకొకరు ఎంచితే ఆయనకి నచ్చదు మరి.

దీపాలు అద్దెకిచ్చే బుచ్చయ్య ఒంటిదీపం చూపించాడు. "మా ఇంటి పెళ్లికా ఇది?" అన్నాడు పాపారావు. జంటదీపాల చట్రం చూపించాడు. "మా ఇంటి పెళ్లికా ఇది?" అన్నాడు. మూడుదీపాల చట్రం చూపించాడు. "ఆఁ, ఇదీ!" అన్నాడు. మూడుదీపాల చట్రమంటే మాటలా? ఎత్తడానికి ఇద్దరు కావాలి, దించడానికి ఇద్దరు కావాలి. నెత్తికెక్కాక మోసే మనిషి వట్టి గుంజే, తనంతట తను దించుకోలేడు.

ఆ తర్వాత మేళం. ఒక జట్టు వాయించింది, నచ్చలేదు. రెండో జట్టు వాయించింది, నచ్చలేదు. మూడో జట్టు నాలుగు డోళ్లతో దరువేస్తే కొట్టు మీద పెంకులు అదిరాయి. "ఆఁ, ఇదీ! పక్కవాడి మాట పక్కవాడికి వినబడకూడదు" అన్నాడు. అన్నంత పనీ అయింది నాయనా, ఆ నోటి మాట అలాగే అయింది.

"బాబూ, దీపాలకి ఒక మనిషిని ఎక్కువ పెట్టుకోండి. మధ్యలో ఎవరికే అవసరం వస్తుందో" అన్నాడు బుచ్చయ్య.

"అటు ఆరుగురు, ఇటు ఆరుగురు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. పదమూడోవాడు దిష్టిబొమ్మలా ఎందుకయ్యా?" అన్నాడు పాపారావు. ఎంచడం అయిపోయింది.

ఊరేగింపు రోజుకి తవుడు మంచాన పడి వారమైంది. అతని చోట వేరే మనిషి కుదిరాడు. అసిరమ్మకి కాలు కదలడం లేదు. ఒప్పుకున్న మాట ఒక పక్కా, మంచం మీద మనిషి ఒక పక్కా.

"ఎల్లు, మాటిచ్చీసి మానీకూడదు" అన్నాడు తవుడు. "దీపం దిగ్గానే వచ్చీ. నా నోట్లో గుక్కెడు నీళ్లు నువ్వే పొయ్యాల."

"దిగ్గానే వచ్చెత్తాను" అంది అసిరమ్మ. చెంబుతో నీళ్లు ముంచి మంచం పక్కన పెట్టింది. పొద్దు వాలే వేళకి చట్రం నెత్తికెత్తించుకుంది.

ఊరేగింపు గానుగ దగ్గరికొచ్చింది. పక్కింటి గున్నమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఒలే అసిరీ! తవుడు బావకి ఎగూపిరి పట్టింది. నిన్నే అడుగుతన్నాడు."

"బాబూ, దింపించండి, ఇంటికెల్తాను" అంది అసిరమ్మ.

"గానుగ దాటనీ" అన్నాడు పాపారావు.

గానుగ దాటింది. ఊరేగింపు కాలవ వంతెన మీదికొచ్చింది. గున్నమ్మ మళ్లీ వచ్చింది. "ఒలే, నీళ్లు నాను పోత్తానంటే నోరు తెరవటం లేదు. నువ్వే రావాలంట."

"బాబూ, మీ కాళ్లకి మొక్కుతాను, దింపించండి. ఇంటికెల్తాను."

"వంతెన దాటనీ. వరస చెడిపోతుంది" అన్నాడు పాపారావు.

వంతెన దాటింది. పందిరి వాకిట్లో డోళ్లు నాలుగూ ఒక్కసారి విజృంభించాయి. గున్నమ్మ మూడోసారి వచ్చింది. ఈసారి కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. అసిరమ్మ చూసింది. చూసి, "దింపండమ్మా! దింపండి!" అని గొంతు చించుకుని అరిచింది. ఎవరికి వినబడుతుంది? పక్కవాడి మాట పక్కవాడికి వినబడకూడదని కదా ఎంచారు! మోసేవాళ్లందరి నెత్తినా బరువే, చెయ్యి సాయం లేదు. ముగ్గురు పెళ్లిచుట్టాల్ని కళ్లతోనే వేడుకుంది. వాళ్లు పెళ్లికూతుర్ని చూస్తూ దాటిపోయారు. విందు ముగిసేదాకా ఆ చట్రం దించినవాడు లేడు.

ఆమె ఇంటికి పోయేసరికి చెంబులో నీళ్లు అలాగే ఉన్నాయి. తవుడు లేడు.

ఆ తర్వాత అసిరమ్మ అన్నం ముట్టలేదు. కంటికి కునుకు లేదు. మెడ నిగిడించుకుని, రెండు చేతులూ నెత్తికి ఆనించుకుని వీధి వెంట తిరిగేది. నెత్తి మీద ఏమీ లేదు. "దిగలేదమ్మా, ఇంకా దిగలేదు. కాస్త దింపండమ్మా" అని ఇంటింటా అడిగేది. నవ్వినవాళ్లు నవ్వారు, జాలిపడినవాళ్లు జాలిపడ్డారు. దింపినవాళ్లు మాత్రం లేరు. లేనిదాన్ని ఎలా దింపుతాం అన్నారు. పాడు బతుకు, అంత బతుకూ మోసినదానికి చివరికి దించే చెయ్యీ కరువే.

ఇంక ఆ కొత్త కోడలు ఉంది చూడండి, పేరు చంద్రావతి. ఊరేగింపులో బండి మీంచి ఒక ఆడమనిషి పెదవులు కదలడం చూసింది. నెత్తిన మూడు దీపాలున్నా మొహాన చీకటే. ఆమె ఏమందో అని ఆ పిల్లకి లోపల తొలుస్తూనే ఉంది. అత్తనడిగింది, తెలీదంది. మామనడిగింది, నీకెందుకన్నాడు. మూడోసారి గున్నమ్మనే అడిగింది. గున్నమ్మ ఏడుస్తూ చెప్పింది.

చంద్రావతి గున్నమ్మని వెంటబెట్టుకుని ఆ గుడిసెకి తనే నడిచి వెళ్లింది. అసిరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, మెడ నిగిడించుకుని. చంద్రావతి గున్నమ్మని ఒక పక్క నిలబడమంది, తానో పక్క నిలబడింది. దించడానికి ఇద్దరు కావాలి కదా. ఇద్దరూ ఆ లేని బరువుని ఎత్తి, మెల్లగా కిందికి వంగి, నేల మీద పెట్టారు.

"దిగిందా?" అంది అసిరమ్మ.

"దిగిందమ్మా" అంది చంద్రావతి.

"మరి ఎల్తాను."

వెళ్లి తవుడి మంచం మీద పడుకుంది. దీపాలు పెట్టే వేళకి వెళ్లిపోయింది. చంద్రావతి ఆ చెంబు నీళ్లు ఆమె నోట్లో పోసింది, కానీ గొంతు దిగలేదు. పోవలసిన నోట్లో అవి పోకనే పోయాయి. ఎవరేం చేసినా ఆ ముక్క మారదు.

చంద్రావతి ఆ ఇంటి పెద్దయ్యాక పెట్టిన కట్టుబాటు ఇది. ఇవాళ్టికీ మా వైపు ఏ విందుకి దీపాలెంచినా లెక్కకి ఒక మనిషి ఎక్కువ. ఆ మనిషి నెత్తిన ఏమీ ఉండదు. అసిరమ్మ మనిషి అంటారు. దారిలో మూడుచోట్ల మేళం ఆపించి, "ఇంటికెళ్లాల్సినవాళ్లున్నారా?" అని కేకేస్తారు. ఇప్పుడు డీజేలొచ్చాయి, రంగురంగుల లైట్లొచ్చాయి, నెత్తిన మోసేవాళ్లు లేరు. అయినా మూడుసార్లు ఆ పాట ఆపుతారు. ఆపకపోతే మా ముసలమ్మలు ఊరుకోరు.

కథ కంచికి పోయే దారిలో ఉంది. మీలో ఇంటికెళ్లాల్సినవాళ్లుంటే లేవండి. నేను ఆపను.