నందియుడి రక్తంలో తక్కువైనది

రక్తం రెండోసారి ఎందుకు తీసుకున్నారో నందియుడికి ఎవరూ చెప్పలేదు. కొండమీద విహారంలో ఇంతమంది భిక్షువులుండగా, రెండోసారి సూది పడింది అతనొక్కడికే.

మొదటిసారి అందరినీ వరసగా కూర్చోబెట్టారు. ధ్యానం చేసేవాళ్ల ఒంట్లో ఒత్తిడి ఎంతుంటుందో తేల్చాలని పట్నం నుంచి డాక్టర్ ప్రసూన వచ్చింది. ఒత్తిడికి రక్తంలో పెరిగే కార్టిసాల్ అనే హార్మోన్‌ను కొలుస్తామంది. "అందులో చాలా భాగం ప్రోటీన్లకు అతుక్కుని ఊరికే తిరుగుతుంది. విడిగా ఉన్న కాస్తే పని చేస్తుంది. మేం కొలిచేది ఆ కాస్తనే" అని చెప్పింది.

అందరికంటే తక్కువ వచ్చింది నందియుడికి. దాదాపు లేనట్టే. ఆ మాట కొండ దిగి ఊళ్లోకి పాకింది. అసలే అతను ధ్యానంలో కూర్చుంటే కాలు కదపడు. ఏడాదిగా ముఖం గుండ్రంగా, నిండుగా తయారైంది. అది తేజస్సని భక్తులు దండం పెట్టేవారు. వానాకాలం మూడు నెలల వర్షావాసంలో ధ్యానం నడిపించేది అతనేనని అందరూ అనుకున్నారు. అతనూ అనుకున్నాడు.

అలాంటప్పుడు రెండో సూది ఎందుకు?

అనుమానం తోటి భిక్షువు తిస్సుడి మీదికి పోయింది. అందరికంటే ఎక్కువ వచ్చింది తిస్సుడికే. "నీ ఒంట్లో ఉన్నది రక్తమేనా, పెరుగన్నమా?" అని భోజనాల దగ్గర నందియుణ్ని చూసి నవ్వాడు కూడా. నవ్వినవాడే డాక్టర్ చెవిలో ఏదో ఊది ఉంటాడు.

నందియుడు గదికి వెళ్లి సంచీ తడిమాడు. అడుగున రేకు డబ్బా ఉంది. మూత వదులుగా ఉన్నట్టనిపించింది.

లోపలివి నల్లటి ఉండలు. మోకాళ్ల నొప్పికని ఒక భక్తుడు సంతలో నాటువైద్యుడి దగ్గర కొని తెచ్చి ఇస్తుంటాడు. పూటకొకటి వేసుకుంటే నొప్పి మాయం. చెట్టు మందేగా, దోషమేముంది? మరి దాచడం ఎందుకు? ఆలోచన అటు పోబోతే దాన్ని తిస్సుడి మీదికి మళ్లించేవాడు.

వారం తర్వాత డాక్టర్ మళ్లీ వచ్చింది. గురువు రేవత భంతే తన గదికి నందియుణ్ని పిలిపించాడు. గుమ్మం దగ్గర తిస్సుడు భిక్షాపాత్రలు తుడుస్తున్నాడు. వినడానికే కూర్చున్నాడనుకున్నాడు నందియుడు.

"రెండోసారీ అంతే వచ్చింది భంతే," అంది డాక్టర్. "మనసు నెమ్మదిగా ఉంటే తగ్గుతుంది, నిజమే. కానీ ఇంతలా తగ్గదు."

"మిషన్ తప్పేమో," అన్నాడు నందియుడు.

"మిగతావాళ్లవీ ఆ మిషన్ మీదే చూశాం." ఆమె అతని ముఖం వైపు చూసింది. అది దండం పెట్టే చూపు కాదు. "ఏదైనా జబ్బన్నా ఉండాలి, బయటినుంచి స్టెరాయిడ్ మందన్నా లోపలికి పోతుండాలి. అది పోతుంటే ముఖం ఇలా ఉబ్బుతుంది, ఒళ్లు సొంతంగా కార్టిసాల్ తయారుచేయడం మానేస్తుంది. ఇప్పుడు మీకు గట్టి జ్వరం వచ్చిందా, ప్రాణం మీదికొస్తుంది. మందులేమైనా వాడుతున్నారా?"

"లేదు."

"నాటుమందులు? పొడులు, ఉండలు?"

ఉండలని ఈవిడకెలా తెలుసు? నందియుడు గుమ్మం వైపు చూశాడు. తిస్సుడు తలెత్తలేదు.

"ఏమీ లేదన్నానుగా."

రేవత భంతే పద్మాసనం సడలించి కుడికాలు మెల్లగా ముందుకు చాపాడు. చీవరం మోకాలిపైకి లాక్కున్నాడు. మోకాలు కొబ్బరికాయలా వాచి ఉంది. చుట్టూ ఆముదం మరకలతో గుడ్డకట్టు. ఆయన కాలు చాపడం నందియుడు ఏనాడూ చూడలేదు.

ఆయన తిస్సుడి దగ్గర తన భిక్షాపాత్ర అందుకుని, రెండు చేతులతో నందియుడి ముందు పట్టాడు.

"గంట కూర్చుని లేస్తే మేమంతా తూలుతాం నాయనా. నువ్వు తూలవు. నువ్వు వేసుకునేదేదో నాకూ కాస్త పెట్టు."

"నా దగ్గర..." అని ఆగిపోయాడు నందియుడు.

పాత్ర అలాగే ఉంది. ముసలి చేతులు దిగలేదు.

నందియుడు లేచి వెళ్లి డబ్బాతో తిరిగొచ్చాడు. ఒక ఉండ తీసి గురువు పాత్రలో వేయబోయాడు. చేయి రాలేదు. ఉండను మళ్లీ డబ్బాలో వేసి, డబ్బా డాక్టర్ ముందు పెట్టాడు.

"ఏడాది నుంచి వాడుతున్నాను. అబద్ధం చెప్పాను."

ఆమె ఒక ఉండ నలిపి వాసన చూసింది. "ఇందులో ఏం కలిపారో పరీక్ష చేయిస్తాను. మీ అంతట మీరు ఒక్కసారిగా మానేయకండి, అదీ ప్రమాదమే. ఇవాళే నాతో ఆస్పత్రికి రండి. మెల్లగా తగ్గిద్దాం. కానీ నొప్పి మాత్రం తిరిగొస్తుంది."

నందియుడు తలవంచుకున్నాడు. "నొప్పితో కదలకుండా కూర్చోవడం నాకు రాదు భంతే. వర్షావాసానికి తిస్సుణ్ని పెట్టండి."

"నన్నా? నేను ధ్యానంలో గురక పెట్టేది అందరికీ తెలిసిందేగా!" అన్నాడు తిస్సుడు.

రేవత భంతే ఖాళీ పాత్ర పక్కన పెట్టాడు.

"తిస్సా, ధ్యానమందిరంలో రెండు కుర్చీలు వేయించు."

"రెండెందుకు భంతే?"

"ఒకటి నాకు."