అరవొద్దంటే కుంటిన పిట్ట

తమని తినే ప్రాణి ఈ భూమ్మీదే లేదని మనుషులు మీసం మెలేస్తున్న రోజులివి. వాళ్ళని చూసి నేర్చుకుందో ఏమో, కృష్ణ ఒడ్డున ఒక మొసలికి కూడా అదే రోగం పట్టుకుంది.

దాని పేరు వరదమ్మ. నల్లమల కొండల మధ్య నది వంపు తిరిగేచోట, ఇసుక తిన్నె పక్కన కాపురం. నోరు తెరిస్తే రంపం. నీళ్ళకొచ్చిన దుప్పి దాన్ని చూసిందంటే దాహం మర్చిపోయి పరుగు లంకించుకునేది. ఆ యేడు ఎండలు ముదరకముందే వరదమ్మ ఇసుకలో గుంట తవ్వి ఇరవై ఆరు గుడ్లు పెట్టింది. తొలి కాన్పు. పైకి గంభీరంగా ఉండేది గానీ, నీళ్ళలో పడుకున్నా దాని ప్రాణమంతా ఆ గుంట మీదే.

గుంటకి నాలుగు బారల దూరంలో, గులకరాళ్ళ మధ్య ఒక తీతువు పిట్ట కూడా గుడ్లు పెట్టుకుంది. నాలుగంటే నాలుగు. సన్నటి పచ్చకాళ్ళు చూసి అందరూ దాన్ని పుల్లమ్మ అనేవాళ్ళు. ఆకాశంలో గద్ద నీడ కదిలినా, పొదలో ఎండుటాకు చప్పుడైనా సరే, పుల్లమ్మ గొంతు చించుకుని తిన్నె తిన్నెంతా మార్మోగించేది. వరదమ్మ ఉలిక్కిపడి లేచి చూసేది. ఏమీ కనపడేది కాదు. "దీని నోట్లో మన్ను పడ!" అని గొణుక్కుంటూ మళ్ళీ మునిగేది.

ఎందుకు కనపడదో నేను చెబుతా వినండి. జంబయ్య అనే నక్క అప్పటికి మూడుసార్లు ఆ గుడ్ల కోసం వచ్చాడు. పుల్లమ్మ అరవగానే, వరదమ్మ తలెత్తేలోపే, పొదల్లో మాయమయ్యాడు. నాలుగోసారి దొంగదారి మానేసి దర్జాగా ఎదురుగానే వచ్చాడు.

"దండాలు వరదమ్మక్కా!"

"దూరంగా నిలబడి మాట్లాడు. ఏం పని?"

"పనేముందక్కా! అడవంతా నిన్ను చూసి నవ్వుతుంటే కడుపు తరుక్కుపోయి వచ్చా."

"నన్ను చూసి నవ్వుతోందా? ఎందుకంట?"

"చెప్పడానికి నోరు రావడం లేదు. వరదమ్మకి పిట్ట కాపలా అట! నిన్ను తినేదెవరక్కా ఈ లోకంలో? పులంటావా, రేసుకుక్కలు గుంపుగా వస్తే దానికీ దడే. ఏనుగు తొండంలో చీమ దూరితే చాలు, గోల గోల. ఇక మనిషి, పాపం, గోరంత దోమ కుడితే నెల్లాళ్ళు మంచం మీదే. నీ తోలు మీద దోమ కూర్చుంటే దాని మూతే విరుగుద్ది!"

పొగడ్తకి లొంగని ప్రాణి ఉందా? వరదమ్మ గడ్డం కాస్త పైకి లేచింది. అది చూసి జంబయ్య గొంతు తగ్గించాడు.

"ఇంకో మాట. తీతువు కూస్తే కీడని మనుషులు చెవులు మూసుకుంటారు. పురిటి గుంట పక్కన ఆ పాడు కూతేంటక్కా? రేప్పొద్దున గుడ్లు మురిగిపోతే ఎవరిననుకుంటాం? నీ మంచి కోరి చెప్పా. ఇక నీ ఇష్టం."

నక్క వినయం అంటే ఇదే. పొగడ్త తలకెక్కింది, భయం కడుపులో దిగింది. వరదమ్మ గబగబా గట్టెక్కి పుల్లమ్మ ముందుకెళ్ళింది.

"ఏమే పుల్లీ, ఇవాళ్టి నుంచి నీ గొంతు వినపడకూడదు. వినపడిందో, నీ నాలుగు గుడ్లూ నా తోక కిందే!"

పుల్లమ్మ బిత్తరపోయింది. "వదినా, నేను ఊరికే అరవను. పొదలో ఏదో తిరుగుతోంది."

"ఏదో అంటే ఏంటి? ఒక్కనాడైనా చూపించావా? అసలు నన్ను తినేదెవరే?"

"నిన్నెవరూ తినలేరు వదినా," అంది పుల్లమ్మ. ఇంకేదో చెప్పబోయి మింగేసింది. "సరేలే. అరవను." రెక్కలు ముడుచుకుని తన గుడ్ల మీద కూర్చుంది. ఆ రోజంతా తిన్నె మీద చప్పుడు లేదు. హాయిగా ఉందనుకుంది వరదమ్మ.

మర్నాడు మిట్టమధ్యాహ్నం జంబయ్య ఆయాసపడుతూ వచ్చాడు.

"అక్కా, ఇంకా ఇక్కడే ఉన్నావా? కింది మడుగు దగ్గర పెద్ద పంచాయితీ! ఎవరికీ తిండి కాని జంతువు ఏదని తేలుస్తున్నారు. నీ పేరు ఖాయమైంది. నువ్వొచ్చి కూర్చోవడమే తరువాయి!"

వరదమ్మ గుంట వైపోసారి చూసింది. మనసు పీకింది. అయినా ఎవరొస్తారులే, నన్ను కాదని ఇక్కడ అడుగుపెట్టే మొనగాడెవడు అనుకుని, తోక ఒక్క ఊపు ఊపి నీళ్ళ వాలున పోయింది.

కింది మడుగులో పంచాయితీ లేదు, పాడూ లేదు. ఒక బండ మీద ముసలి తాబేలు తాత ఎండ కాగుతున్నాడు.

"పంచాయితీనా? ఇక్కడ నేనూ ఈ నాచూ తప్ప ఎవరున్నారమ్మా?"

"జంబయ్య చెప్పాడే! నన్ను తినే జంతువు లేదని తేల్చారంట!"

తాత మెడ బయటికి చాపాడు. "లేదు. నిజమే. ఎప్పట్నుంచి లేదు?"

"పుట్టినప్పట్నుంచీ!"

తాత నవ్వలేక దగ్గాడు. "పుట్టినప్పుడు నువ్వు జానెడున్నావే తల్లీ. నేను చూశాగా! ఆ తిన్నె మీదే మీరు పాతికమంది గుడ్లు పగలగొట్టుకుని వచ్చారు. మీ అమ్మకి రెండు కళ్ళు, గద్దలు నాలుగు. కొంగ కొన్నిటిని మింగింది. ఒక నక్క కొన్నిటిని నోట కరుచుకుపోయింది. నిన్ను గద్ద గోళ్ళతో పట్టబోతుంటే, అదిగో ఆ పుల్లమ్మ ముత్తవ్వో, ఆవిడ ముత్తవ్వో, గద్ద నెత్తి మీద పొడిచి పొడిచి అరిచింది. ఆ అరుపు విని మీ అమ్మ వచ్చింది. నువ్వు నీళ్ళలో పడ్డావు. ఇప్పుడు నిన్ను తినేవాడు లేడు. అప్పుడు నిన్ను తిననివాడు లేడు!"

వరదమ్మకి ఎండలో చలేసింది. "తాతా, నా గుడ్లూ..."

"జంబయ్య నిన్నిక్కడికి పంపాడన్నావు. మరి జంబయ్య ఎక్కడున్నాడమ్మా?"

ఆ ప్రశ్న పూర్తయ్యేసరికి వరదమ్మ మడుగులో లేదు. ఎదురు ప్రవాహంలో ఎన్నడూ ఈదనంత జోరుగా ఈదింది. పుల్లీ, అరువే, ఒక్కసారి అరువే అని దారంతా మొక్కుకుంది. అరుపు వినపడలేదు. తనే కదా నోరు మూయించింది!

తిన్నె కనపడింది. గుంట మీద ఇసుక మోచేతి లోతున తవ్వి ఉంది. కానీ జంబయ్య గుంట దగ్గర లేడు. నీళ్ళ వైపు వస్తున్నాడు. అతని ముందు పుల్లమ్మ ఒక రెక్క ఇసుకలో ఈడ్చుకుంటూ, కుంటుతూ, పడుతూ లేస్తూ పోతోంది.

"అయ్యో, రెక్క విరిచేశాడు నా తల్లికి!" అనుకుంది వరదమ్మ. ఇంతలో పుల్లమ్మ కన్ను నీళ్ళ మీద తేలుతున్న రెండు కళ్ళని చూసింది. చూసీ చూడనట్టు ఇంకాస్త కుంటింది. వరదమ్మకి అర్థమైంది. చప్పుడు చేయకుండా మునిగింది.

"గుడ్లెక్కడికి పోతాయి," అంటున్నాడు జంబయ్య లొట్టలేస్తూ. "ముందు ఈ వేడి మాంసం పని పడదాం. ఆగవే పిట్టా! కుంటికాలితో ఎంత దూరం పోతావు?"

పుల్లమ్మ మోకాటి లోతు నీళ్ళలోకి దిగింది. జంబయ్య ఎగిరి దూకాడు. పుల్లమ్మ రెండు రెక్కలూ చక్కగా చాచి గాల్లోకి లేచింది. కింద నీళ్ళు లేచాయి, నీళ్ళతోపాటు నోరు లేచింది. జంబయ్య గిరుక్కున తిరిగాడు గనక ప్రాణం దక్కింది. తోక మాత్రం వరదమ్మ పళ్ళ మధ్య ఉండిపోయింది. గుడ్డూ లేదు, పిట్టా లేదు, ఉన్న తోకా లేదు. రెంటికీ చెడ్డ రేవడిలా కుయ్యోమంటూ కొండెక్కిపోయాడు.

వరదమ్మ గుంట దగ్గరికి పాకింది. ముట్టెతో మెల్లగా తడిమి చూసింది. పై వరస గుడ్ల మీద గోటి గీతలున్నాయి. ఒక్కటీ పగల్లేదు. ఇరవై ఆరూ ఉన్నాయి.

"పుల్లమ్మా," అంది తలెత్తి.

పుల్లమ్మ దూరంగా ఒక రాయి మీద వాలింది. "అరవొద్దన్నావు వదినా, అరవలేదు. కుంటొద్దని మాత్రం అనలేదుగా!"

మొసలి కన్నీరంటే లోకమంతా నవ్వుతుంది. ఆ మధ్యాహ్నం ఇసుక మీద కారినవి మాత్రం నిజం కన్నీళ్ళు. "నీ గుడ్లు తొక్కేస్తానన్నానే. నువ్వు నా గుడ్ల కోసం నక్క నోటి ముందు నడిచావు. ఎందుకే?"

"ఏమో వదినా. మా అవ్వ అరిచింది, మా అమ్మ అరిచింది. పిల్లలున్నచోట ఊరుకోవడం మా ఇంటా వంటా లేదు."

"అయితే అరువు తల్లీ. నీ నోట్లో చక్కెర పొయ్య, నువ్వు అరిచినన్నాళ్ళూ నేను చల్లగా ఉంటా. నీ గుడ్ల జోలికి ఉడుము రానీ, పాము రానీ, నా పళ్ళు చూసి పోవాల్సిందే."

వైశాఖంలో ఇసుక కింద నుంచి కీచుకీచుమని పిలుపులు వినపడ్డాయి. వరదమ్మ గుంట తవ్వి, దుప్పుల్ని విరిచే ఆ నోట్లోనే పిల్లల్ని పువ్వుల్లా పెట్టుకుని నీళ్ళకి మోసింది. పైన పుల్లమ్మ గద్దల్ని తరుముతూ గొంతు చించుకుంటూనే ఉంది.

"అమ్మా, ఆ గోలేంటి?" అంది జానెడు పిల్లొకటి.

"గోల కాదు నాన్నా. మీరు బతికున్నారన్న కబురు. అది వినపడినప్పుడల్లా తలొంచి దండం పెట్టండి," అంది వరదమ్మ. ముందు తనే తల వంచింది.

తనని తినేవాడు లేడని విర్రవీగేవాడు, తాను జానెడున్న రోజున తనని ఎవరూ తినకుండా కాచిందెవరో అడిగి తెలుసుకోవాలి.