లింబాద్రి ఇంట్లో సారు నిలబడ్డ రోజు

సేటు గదిలో అడుగు పెట్టగానే లింబాద్రి నోరు పడిపోయింది.

మామూలుగా అతను మాటల కోసం తడుముకునే మనిషి కాదు. ఆ ఊళ్లో మరమగ్గాలను సాంచాలంటారు. సాంచాలు నడిపేవాళ్ల యూనియన్‌లో అతన్ని మించిన మాటకారి లేడు. ఆదివారం పూట యూనియన్ ఆఫీసు మేడ మీద హనీఫ్ సారు పాఠాలు చెప్పేవారు. సారుది పుస్తకాలు బైండింగ్ చేసే చిన్న దుకాణం. సేటుకు లాభం ఎక్కణ్ణుంచి వస్తుందో, కూలివాడికి ఆకలి ఎక్కణ్ణుంచి వస్తుందో ఆ ఊరికి నేర్పింది ఆయనే. ఆయనకు గొంతు బాగా లేనప్పుడల్లా పాఠం లింబాద్రి అందుకునేవాడు. అందుకోవడం కాదు, అల్లుకుపోయేవాడు.

మొన్నటి ఆదివారం పాఠం కుటుంబం గురించి.

"పొద్దుగాల సాంచె కాడికి మనం తయారై పోవాలె. మనల్ని తయారు చేసేదెవరు? ఇల్లు!" అన్నాడు లింబాద్రి. "వండి పెడ్తది, బట్టలుతుకుతది, నడుము నొస్తె నూనె రాస్తది. రాత్రి పీనుగ లెక్క వచ్చినోణ్ణి తెల్లారేసరికి మళ్ల మనిషిని చేసి పంపుతది. దానికి సేటు పైస ఇస్తున్నడా? రేపటి కూలోణ్ణి కని పెంచేది గూడ ఇల్లే. దానికి ఇస్తున్నడా? సేటు మీది కోపమంత తెచ్చి మనం గుమ్మరించేది యాడ? ఇంట్లనే. ఇగ అసలు సంగతి ఇనుండ్రి. పెద్దోడు చెప్తె తల వంచాలె, ఎదురు మాట్లాడొద్దు అని మొట్టమొదలు నేర్పేది ఏ కార్ఖానా? ఇల్లే! అక్కడ నేర్చుకొని వచ్చినోడే రేపు సేటు ముంగట చేతులు కట్టుకొని నిలబడ్తడు."

జనం చప్పట్లు కొట్టారు. మూల కూర్చున్న హనీఫ్ సారు కళ్లు మూసుకుని విన్నారు. లింబాద్రి ఆయన మెచ్చుకోలు కోసం చూశాడు.

"బాగ చెప్పినవ్" అన్నారు సారు. అంతే. ఇంత పాఠానికి ఆ ఒక్క ముక్కేనా అని లింబాద్రి చిన్నబుచ్చుకున్నాడు.

బుధవారం ఆ మాటకారినే యూనియన్ సేటు దగ్గరికి పంపింది. ఇకమీదట ఒక్కొక్కరు రెండు సాంచాలు ఎక్కువ చూడాలని సేటు హుకుం వేశాడు. కుదరదన్న నలుగురిని బయట నిలబెట్టాడు. వాళ్లను మళ్లీ పనిలోకి తీసుకోవాలి, హుకుం వాపసు తీసుకోవాలి. చెప్పాల్సింది ఆ రెండు మాటలే. లింబాద్రి వాటిని తోవంతా నెమరేసుకుంటూ పోయాడు.

సేటు లోపలి గదిలోంచి వచ్చాడు. లింబాద్రి లేచి నిలబడ్డాడు. ఎవరూ లెమ్మనలేదు. చేతులు వాటంతటవే ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. నాలుక అంగిలికి అతుక్కుపోయింది.

సేటు కోపగించుకోలేదు కూడా. నవ్వుతూ అడిగాడు. "ఏం లింబాద్రీ, ఇంట్ల అందరు మంచిగున్నరా?"

"మీ దయ సేటూ" అన్నాడు లింబాద్రి.

ఆ గదిలో అతని నోటి నుంచి ఊడిపడింది ఆ ఒక్క మాటే. "సోమవారం రా. అప్పటికి ఒప్పుకుంటె సరి. లేకుంటె బయటి ఊరోళ్లను దింపుత" అని సేటు లోపలికి వెళ్లిపోయాడు.

బయట గేటు దగ్గర నలుగురూ నిలబడి ఉన్నారు. "ఏమన్నడు?" అని అడిగారు. లింబాద్రి తల వంచుకుని సైకిల్ తాళం తీశాడు. వాళ్లు సంగతి అర్థం చేసుకున్నారు. ఎవరూ తిట్టలేదు. నాలుగు తిట్లు తిట్టినా అతని ప్రాణం కుదుటపడేది.

అతను తిన్నగా సారు దుకాణానికి పోయాడు. సారు ఒక పాత పుస్తకం వీపుకు జిగురు పూస్తున్నారు.

"సారూ, సోమవారం నన్ను పంపొద్దు. ఇంకొకర్ని పంపుండ్రి."

"ఎవర్ని?"

లింబాద్రి అందరినీ ఒకసారి మనసులో తలుచుకున్నాడు. సేటు ముందు నిలబడగలవాడు ఒక్కడూ కనపడలేదు. తనే అందరిలోకీ ధైర్యవంతుడని పేరు మరి.

"ఈ భయం యాడికెల్లి వచ్చింది సారూ? అన్ని చదువుకున్న. ఆయన మనలాంటి మనిషేనని తెలుసు. ఆయన తినే బువ్వ మన చెమట అని తెలుసు. అయినా ఆ గడప తొక్కితె చేతులు వాటంతటవే జోడైతున్నయి. ఈ పాడు భయం నాకెవరు నేర్పిండ్రు?"

"పొయిన ఆదివారం నువ్వే చెప్పినవ్ గద."

"అది పాఠం సారూ! నేను నా సంగతి అడుగుతున్న."

సారు తలెత్తి అతన్ని చూశారు. తర్వాత పుస్తకాన్ని బరువు కింద పెట్టి, చేతులకంటిన జిగురు గుడ్డతో తుడుచుకున్నారు.

"శనివారం సాయంత్రం మీ ఇంట్ల అన్నం తింట. భాగ్యకు చెప్పు" అన్నారు.

లింబాద్రికి ఒళ్లు మండింది. ఇక్కడ కొంప మునుగుతుంటే ఈయనకు భోజనం కావాల్సి వచ్చిందా? అయినా గురువు. సరేనని ఇంటికి పోయి భార్య భాగ్యకు చెప్పాడు.

ఆ మూడు రోజులూ అతనికి ముద్ద దిగలేదు. సాంచె ముందు నిలబడి తెగిన పోగు అతుకుతూ సోమవారం మాటలు పెదాలతో అనుకునేవాడు. 'సేటూ' అన్న పిలుపు దాకా బాగానే వచ్చేది. ఆ తర్వాత మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడు. సోమవారం మళ్లీ అలాగే అయితే ఆ నలుగురి పని పోయినట్టే. తన పని కూడా ఉంటుందన్న నమ్మకం లేదు.

ఆ గుబులులోనే గురువారం పొద్దున కూతురు రజితతో ఒక మాట అనేశాడు. "సోమవారం నుంచి బడి బంద్. వెనక వాడల నూలు కండెలు చుట్టేకాడ మాట్లాడిన. పనిల చేరు."

రజిత పదో తరగతి చదువుతోంది. "సరే బాపూ" అంది, కళ్లెత్తకుండా.

ఆ ఒక్క సంగతి మాత్రం అతనికి కొంచెం నిమ్మళంగా అనిపించింది. బయట ఎలా ఉన్నా ఇల్లు తన మాట మీద నడుస్తోంది. వాడకట్టులో అందరూ అనేవాళ్లు, లింబాద్రి ఇంటికొస్తే పిల్లి కూడా సప్పుడు చెయ్యదని. అతను ఆ మాటకు మీసం చాటున నవ్వుకునేవాడు.

శనివారం షిఫ్టు దిగి ఇంటికి బయలుదేరాడు. సందు మలుపులో ఎప్పటిలాగే సైకిల్ గంట కొట్టాడు. ఆ గంట వినపడగానే ఇంట్లో టీవీ ఆగిపోతుంది. గుమ్మంలో చెప్పులు పక్కకు జరుగుతాయి. నీళ్ల చెంబు వస్తుంది. అతను లోపలికి వచ్చేసరికి అందరూ లేచి ఉంటారు. ఇది ఎవరు పెట్టిన పద్ధతో అతనికే గుర్తు లేదు. అతని తండ్రి ఉన్న రోజుల్లోనూ ఇంతే.

లింబాద్రి గుమ్మం దాటాడు.

వంటింటి దగ్గర భాగ్య చెంబు పట్టుకుని నిలబడి ఉంది. గోడవారన రజిత చేతులు కట్టుకుని నిలబడి ఉంది. రజిత పక్కన, అదే వరసలో, హనీఫ్ సారు నిలబడి ఉన్నారు. చేతులు ముందుకు కట్టుకుని, తల వంచి, కళ్లు నేల మీద పెట్టుకుని.

ఆయనకు మోకాళ్ల నొప్పులు. నమాజు కూడా కుర్చీలో కూర్చునే చేసుకుంటారు. సమ్మె రోజుల్లో పోలీసు అధికారి యూనియన్ ఆఫీసుకొస్తే కూడా ఆయన లేవలేదు. "ఏం సార్, కూసోండ్రి" అని పక్కన చోటు చూపించారు, అంతే.

"సారూ! గిదేంది? కూసోండ్రి."

సారు కూర్చోలేదు.

"భాగ్యా, సారుకు కుర్చీ ఎయ్యలేదా?"

కుర్చీ అక్కడే ఉంది. అది లింబాద్రి కుర్చీ. అతను ఇంట్లో లేనప్పుడు కూడా అందులో ఎవరూ కూర్చోరు.

"నీ గంట ఇనంగనే అందరు లేచిండ్రు. నేను గూడ లేచిన" అన్నారు సారు, తల ఎత్తకుండానే.

"మీరు పెద్దోళ్లు సారూ. మీరెందుకు లేస్తరు?"

"పాప ఎందుకు లేచింది?"

"అది పిల్ల, నేను దాని..." అని మొదలుపెట్టి లింబాద్రి ఆగిపోయాడు. ఆ ముసలాయన అలా చేతులు కట్టుకుని నిలబడితే చూడలేకపోతున్నాడు.

"రజితా, కూసో."

రజిత తల్లి వైపు చూసింది. కూర్చోలేదు. కూర్చోవచ్చో లేదో దానికి తెలియలేదు.

"కూసో అంటున్ననా!"

గోడలు అదిరాయి. రజిత నిలబడ్డ చోటే దబ్బున కూలబడింది. మోకాళ్లు దగ్గరికి లాక్కుంది. కూర్చున్నా చేతులు మాత్రం అలాగే కట్టుకుని ఉంది.

సారు నిలబడే ఉన్నారు. ఇందాకటి కంటే తల ఇంకొంచెం వంగింది.

లింబాద్రి కూతుర్ని చూశాడు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. గుటక వేయబోతోంది, పడడం లేదు. ఆ గుటక అతనికి బాగా తెలుసు. బుధవారం నాడు అది అతని గొంతులోనే అడ్డం పడింది. అతనికి సిగ్గేసింది. పరుగెత్తి ఎటైనా పోవాలనిపించింది.

కుర్చీ వైపు ఒక అడుగు వేశాడు. అందులో కూర్చోబుద్ధి కాలేదు. చెప్పులు విడిచే చోట, కూతురికి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"బిడ్డా" అన్నాడు మెల్లగా. "నేనొస్తె నీకేమైతది?"

"ఏం కాదు బాపూ. మంచిగనే ఉంటది."

మీ దయ సేటూ. ఆ మాటే. లింబాద్రి చెవులారా విన్నాడు. ఇన్నేళ్లుగా తన ఇంట్లో రోజూ వింటున్నది ఆ మాటేనా అని అతనికి భయం వేసింది.

ఇప్పుడేం చెయ్యాలో తెలియలేదు. నిజం చెప్పు అని గద్దించబోయి నాలుక కరుచుకున్నాడు. గద్దిస్తే మళ్లీ అదే జవాబు వస్తుంది. మరి ఆగాలి. ఇంట్లో ఎవరి మాట కోసమూ అతను ఎన్నడూ ఆగిన మనిషి కాదు. భాగ్య కదలడం లేదు. సారు మోకాళ్లు వణకడం కనిపిస్తోంది. లోపల పొయ్యి మీద కూర చుయ్యిమంటోంది. అయినా లింబాద్రి నోరు తెరవలేదు.

రజిత కాలి బొటనవేలితో నేల మీద గీతలు గీస్తూ ఉంది. చాలాసేపటికి ఆ వేలు ఆగింది.

"నేను కండెలు చుట్టుడుకు పోను బాపూ."

భాగ్య చేతిలోని చెంబు కింద పెట్టింది.

లింబాద్రికి సర్రున కోపం లేచింది. ఎవని తిండి తింటున్నవ్ అన్న మాట నాలుక చివరికొచ్చి నిలబడింది. తండ్రి తనను అలాగే అనేవాడు. అంతకు ముందు వారం ఆ నలుగురినీ సేటు అన్నది కూడా సరిగ్గా అదే. అతను దాన్ని బలవంతాన మింగాడు.

"పనిలకెల్లి నన్ను తీసేస్తె ఇల్లెట్ల గడుస్తది?" అన్నాడు. అది గద్దింపు కాదు. నిజంగానే అడిగాడు. అడిగాక తెలిసింది, ఇన్ని రోజులూ ఆ భయాన్ని ఇంట్లో ఒక్కరికీ చెప్పలేదని.

"గడవకుంటె నన్ను గూడ అడుగు" అంది రజిత. గొంతు వణుకుతోంది. వణుకుతున్నా ఆగలేదు. "అమ్మను గూడ అడుగు. అందరం కూసొని ఆలోచన చేద్దాం. నువ్వే అనుకొని, నువ్వే మాట్లాడొచ్చి, నాకు చెప్పుడు మంచిగ లేదు. పని చెయ్యాల్సింది నేను గద బాపూ. నేను పోను."

అప్పుడు హనీఫ్ సారు గోడకు చెయ్యి ఆనించి, ఒక్కో మోకాలే వంచుతూ, నెమ్మదిగా రజిత పక్కన నేల మీద కూర్చున్నారు. హమ్మయ్య అని కాళ్లు చాపుకున్నారు.

"కూర మాడుతున్నట్టున్నది. జర చూడు లింబాద్రీ" అన్నారు.

భాగ్య కదలబోయింది. "ఆయన చూస్తడు బిడ్డా. నువ్వు కూసో" అన్నారు సారు.

లింబాద్రి లేచి వంటింట్లోకి పోయాడు. పొయ్యి ఎలా ఆర్పాలో తెలియక తడుముకున్నాడు. గిన్నె పట్టుకోబోయి చెయ్యి కాల్చుకున్నాడు. చివరికి భుజం మీది తువ్వాలతో గిన్నె పట్టుకొచ్చి ముగ్గురి మధ్యా దించాడు. భాగ్య కూడా కూర్చుని ఉంది. రజిత కట్టుకున్న చేతులు విప్పి పళ్లేలు సర్దుతోంది. అతను వచ్చినా లేవలేదు.

అతను వాళ్ల మధ్యే చోటు చూసుకుని కూర్చున్నాడు. కాలిన వేళ్లు ఊదుకున్నాడు. గుబులు ఇంకా అక్కడే ఉంది, సోమవారమూ అక్కడే ఉంది.

"సారూ" అన్నాడు. "సోమవారం సేటు ముంగట నేనేం మాట్లాడాలె? ఎట్ల మాట్లాడాలె?"

సారు రజిత వైపు ఒకసారి చూసి, పళ్లెం ముందుకు లాక్కున్నారు.

"ఇప్పుడే ఇన్నవ్ గద" అన్నారు.